ఒక్క ‘రు’

మొన్న ఒక చెల్లి అడిగింది. గచ్చిబౌలిలో కొత్త ఉద్యోగం, హార్మోన్లు మొదలుపెట్టి రెండేళ్లు. “అక్కా, ఎవరికీ అనుమానం రాకుండా ఆడపిల్లలా కనిపించాలంటే ఏం చేయాలి?” ట్రాన్స్ మహిళగా ఈ దారిలో తనకంటే ముందు నడిచినదాన్ని కాబట్టి తెలిసింది చెప్పాను.

మొదట గడ్డం. నల్ల వెంట్రుకకు లేజర్ పనిచేస్తుంది. తెల్లబడినదానికి ఎలక్ట్రోలిసిస్ చేయించుకోవాల్సిందే, నెలల తరబడి తిరగాలి. మా పెద్దలైతే చిమ్టాతో ఒక్కొక్క వెంట్రుకా పీక్కునేవాళ్లు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా సరే. తర్వాత గొంతు. ఈస్ట్రోజన్ చర్మాన్ని మెత్తబరుస్తుంది గానీ, బొంగురుపోయిన గొంతును వెనక్కి తేలేదు. దానికి సాధన కావాలి. కీచుగా పలికితే చాలదు. మాట ఛాతీలో కాక నోటి ముందుభాగంలో మోగాలి. రోజూ పావుగంట ఫోన్లో రికార్డు చేసుకుని వినమన్నాను. బట్టలంటావా, రాయదుర్గం మెట్రోలో నీ ఈడు అమ్మాయిలను చూడు: కుర్తీ, మెడలో ఐడీ కార్డు, భుజాన బ్యాగు. పెళ్లికి వెళ్తున్నట్టు తయారైతే పదిమంది చూపూ నీమీదే పడుతుంది.

మరొకటి కూడా చెప్పాను. హిందీలో ‘నేను వచ్చాను’ అనాలంటే ఆయా, ఆయీల్లో ఒకటి ఎంచుకోవాలి. పాత అలవాటు కొద్దీ ఒక్కసారి నోరు జారితే చాలు, టేబులంతా తలెత్తి చూస్తుంది. తెలుగులో ఆ భయం లేదు. వచ్చాను, తిన్నాను, అలిసిపోయాను. ఆడామగా ఎవరన్నా అదే మాట. ఎదుటివాళ్లు మన గురించి అనే మాటలోనే వస్తుంది చిక్కంతా: వచ్చాడా, వచ్చిందా?

ఒకప్పుడు నేను పనిచేసిన ఆఫీసులో కార్డు పెట్టగానే గేటు దగ్గర తెరమీద నా పాత ఫొటో, పాత పేరు వచ్చేవి. గార్డు తెరను చూసేవాడు, నన్ను చూసేవాడు, పక్కవాడితో “వచ్చాడ్రా” అనేవాడు. ఫొటో మార్చమని ఎన్ని మెయిళ్లు పెట్టానో! ఉదయం అరగంట కూర్చుని దిద్దుకున్న ముఖం ఆ ఒక్క ‘డు’తో చెరిగిపోయేది.

ఈ నగరంలో ఆ ‘డు’ వెనక ఒక చట్టమే ఉండేది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన ఆ చట్టం ప్రకారం మావాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. అప్పటికి సైబర్ టవర్స్ కట్టి పాతికేళ్లు కావస్తోంది! ఎవరు ఆడో ఎవరు మగో ఎవరికి వారే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే తీర్పిచ్చినా, ఆ చట్టం ఇంకో తొమ్మిదేళ్లు పుస్తకాల్లో అలాగే ఉంది.

అందుకే చెల్లి కోరిక తప్పనను. రాత్రి షిఫ్టయ్యాక క్యాబ్ ఎక్కేటప్పుడు ఎవరూ గుర్తుపట్టకపోవడమే మాకు రక్ష. కానీ ఎముక హార్మోన్ల మాట వినదు. ఎత్తు తగ్గదు, భుజాలు కుదించుకుపోవు. ఎంత సాధన చేసినా గుర్తుపట్టే కన్ను ఎక్కడో ఒకటి ఉంటుంది. గుర్తుపట్టాక కూడా మర్యాద దక్కాలి. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. వాళ్లెవరో తెలిసే, వాళ్లు చెయ్యెత్తితే బండి ఆపుతున్నారు జనం.

ఒకరోజు కొండాపూర్ వెళ్లే 127కె బస్సులో కండక్టరమ్మ నా ఆధార్ అడిగింది. మహాలక్ష్మి పథకంలో మహిళలకూ మాకూ ప్రయాణం ఉచితమే. కార్డు మీద ఇంకా పాత ఫొటోనే ఉంది. చూసింది, నన్నూ చూసింది. విషయం అర్థమైంది. జీరో టికెట్ చేతిలో పెట్టి, “మేడంగారు దిగుతారు, కొంచెం జరగండి” అంది వెనకవాళ్లతో.

దిగుతారు. ఆ ‘రు’లో ఆడా లేదు, మగా లేదు, మనిషి మీద గౌరవమే ఉంది. చెల్లికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పాను. మీకు చెప్పాల్సింది ఒక్కటే: మీ పక్కన నిలబడ్డ మనిషి ఎవరో తేల్చుకోలేకపోతే తేల్చుకోవద్దు, ‘రు’ అనండి.