మింగిస్ వారి కోట

పదవీ విరమణ అనంతరం ఎడిన్‌బరోలోని మా కుమారుని వద్ద కొంతకాలం గడిపే అవకాశం మా దంపతులకు లభించింది. ఆ వేసవిలో ఒకనాడు పెర్త్‌షైర్ ప్రాంతంలోని అబర్‌ఫెల్డీ పట్టణానికి వెళ్ళాము. టే నదిపై 1733లో జనరల్ వేడ్ కట్టించిన రాతి వంతెన దాటి, వీమ్ గ్రామం వైపు నడుస్తూ ఒక వృద్ధురాలిని "మెంజీస్ కోటకు ఇదేనా దారి?" అని అడిగాము.

"మింగిస్ కోటకు ఇదే" అన్నారామె, చిరునవ్వుతో.

తెలుగు చెవికి ఆ మాట ఎలా వినిపించిందో వేరే చెప్పనక్కరలేదు! ఒక అక్షరాన్ని మరొక అక్షరం మింగిన కథే ఇది. నార్మన్ మూలాలు గల ఈ వంశంలో 13వ శతాబ్దినాటి ప్రముఖుడు రాబర్ట్ డి మెయ్నర్స్. ఆ పేరు స్కాట్లండు లేఖకుల చెవిని బట్టి, చేతిని బట్టి మెంగీస్, మింగీస్ అంటూ రూపాలు మార్చుకుంది. ఆనాటి లిపిలో 'యోఖ్' అనే అక్షరం ఉండేది. చూపునకు 3 అంకెను పోలి, 'య'కారం వంటి ధ్వనిని సూచించేది. అచ్చుయంత్రం వచ్చాక దానికి తగిన అచ్చు లేక, తోకగల 'జెడ్'ను ఆ స్థానంలో కూర్చారు. మన గుఱ్ఱంలోని బండి ఱ తప్పుకున్నా, వచ్చి చేరిన 'ర' దగ్గరి చుట్టమే గనుక పలుకుకు పెద్ద చేటు రాలేదు. ఇక్కడ వచ్చినది పూర్తిగా పరాయి అక్షరం. అయినా స్థానికులు పాత పలుకు విడువలేదు.

విచిత్రమేమంటే, 16వ శతాబ్దినాటి ఆ కోట కట్టడం కూడా 'జెడ్' ఆకారమే! 1746లో చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ కలోడెన్ యుద్ధానికి ముందు ఇక్కడ బస చేశాడు. శిథిలమవుతున్న కోటను 1957లో వంశీయుల సంఘమే కొని బాగుచేయించింది. దూరం వెళ్ళిన శాఖల్లో మాత్రం జెడ్‌దే గెలుపు. ఆస్ట్రేలియా ప్రధానిగా పనిచేసిన రాబర్ట్ మెంజీస్‌ను లోకం జెడ్‌తోనే పిలిచింది. ముద్దుపేరు మాత్రం 'మింగ్'.

ఇదంతా వింటుంటే మాకు మా పింఛను కాగితాలు గుర్తుకు వచ్చాయి. మా ఇంటిపేరులోని దీర్ఘానికి సర్వీసు పుస్తకంలో ఒక 'ఎ', పాస్‌పోర్టులో రెండు 'ఎ'లు. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం సమర్పించి, నాలుగు మాసాలు తిరిగాము. ముప్పై ఏళ్ళ కొలువు ఒక అచ్చుపై ఆగిపోయింది.

బయటికి వచ్చేముందు సందర్శకుల పుస్తకం ముందుంచారు. ఏ 'ఎ'లు రాయాలా అని మేము కలం పట్టుకొని ఆలోచిస్తుండగా, మా శ్రీమతి దానిని అందుకొని, ఇంటిపేరుతో సహా ఇద్దరి పేర్లూ తెలుగులో రాసేసింది.