జట్టు ఎవరి చేతికి పోయినా, దేహం మన చేతిలోనే



వయసు మళ్ళుతున్న ఆటగాడికి రెండు భయాలుంటాయి. ఒకటి, ఒళ్ళు ఎన్నాళ్ళు సహకరిస్తుందన్నది. రెండవది, రేపు జట్టు ఎవరి చేతిలో ఉంటుందన్నది. వీటిలో ఏది మనిషిని త్వరగా కుంగదీస్తుందో ఈరోజు ఆలోచిద్దాం.

ఐపీఎల్‌లో హైదరాబాదు తొలి జట్టు దక్కన్ ఛార్జర్స్. 2008లో పట్టికలో అట్టడుగున నిలిచిన ఆ జట్టే 2009లో దక్షిణాఫ్రికా గడ్డపై విజేత అయింది. నాయకుడు ఆడమ్ గిల్‌క్రిస్ట్ వయసు అప్పటికి 37. అంతర్జాతీయ క్రికెట్ నుంచి విరమించుకొని ఏడాది దాటింది. అయినా సెమీఫైనల్లో ఢిల్లీపై 35 బంతుల్లో 85 పరుగులు చేశాడు. ఫైనల్లో ఆయనను సున్నాకే వెనక్కి పంపిన అనిల్ కుంబ్లే వయసు 38. ఆనాడు కుంబ్లే 16 పరుగులకే నాలుగు వికెట్లు తీశాడు.

ఇది అద్భుతమేమీ కాదు. ముప్ఫై దాటాక కండరాలు క్రమంగా తరుగుతాయి. వాటిలో చురుకుగా కదిలించే పోగులు ఎక్కువగా సన్నబడతాయి. గుండె అందుకోగల గరిష్ఠ వేగం ఏటేటా కొంత తగ్గుతుంది. స్నాయుబంధాల సాగుగుణం తగ్గి, గాయం మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కానీ బంతి ఎక్కడ పడబోతుందో ముందే పసిగట్టే నేర్పు అనుభవంతో పెరుగుతుంది. క్రమబద్ధమైన వ్యాయామం, తగిన మాంసకృత్తులు, చాలినంత నిద్ర తోడైతే వయసు భారాన్ని చాలాకాలం మోయవచ్చు.

రెండవ భయానికి మాత్రం ఇంత సులువైన మందు లేదు. 2012లో ఆ జట్టు యాజమాన్యం అప్పుల్లో చిక్కుకుంది. సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఒప్పందాన్ని రద్దుచేసింది. అక్టోబరులో హైదరాబాదు జట్టు హక్కును సన్ టీవీ సంస్థ ఏటా 85.05 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. సన్‌రైజర్స్ పేరుతో కొత్త జట్టు వచ్చింది; పాతవారిలో పలువురికి అందులో చోటు దొరికింది. ఆటగాళ్ళ అనిశ్చితి కొన్ని నెలలలో తీరిపోయింది.

అలా తీరని అనిశ్చితి ఎలా ఉంటుందో తెలియాలంటే మా బోధన్ వైపు చూడాలి. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. ప్రభుత్వం తిరిగి తీసుకుంటుందా, కొత్తవారు కొంటారా, మళ్ళీ గానుగ ఆడుతుందా అన్న ప్రశ్నలతోనే ఏళ్ళు గడిచాయి. పాకం పదును కంటితోనే చెప్పగల యాభై ఏళ్ళ కార్మికుడు కూడా తన రంగంలో ఆరితేరినవాడే. కానీ అతణ్ణి వేలంలో పాడుకునేవారు ఎవరున్నారు?

ఇటువంటి స్థితిలో ఉన్నవారు వైద్యుని వద్దకు వచ్చి ఉద్యోగం పోయిందని చెప్పరు. నిద్ర పట్టడం లేదంటారు, కడుపులో మంట అంటారు, తల బరువంటారు. నా అనుభవంలో అసలు మాట చివరన, లేచి వెళ్ళబోతూ బయటపడుతుంది. కీడు జరిగిపోతే మనసు ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. జరుగుతుందో లేదో తెలియనప్పుడు దేహం నిత్యం కాపలా కాస్తూనే ఉంటుంది. కార్టిసాల్, అడ్రినలిన్ పదే పదే ఊరుతాయి. రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. పైగా చేతిలో డబ్బు ఆడకపోతే ఇంట్లో మొదట ఆగేది ఇంటి పెద్ద మందులే.

కాబట్టి నా మనవి ఇది. మీ కర్మాగారం, దుకాణం, కార్యాలయం భవిష్యత్తు ఊగిసలాడుతుంటే రక్తపోటు, చక్కెర పరీక్షలను వాయిదా వేయకండి. బీపీ, షుగరు మాత్రలు సొంతంగా మానకండి. ఖర్చు భారమైతే వైద్యునితో దాపరికం లేకుండా చెప్పండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేవి వాడండి. పని లేకపోయినా నిర్ణీత వేళకు లేచి అరగంట నడవండి. దిగులును మద్యంలో ముంచకండి. పాత సహోద్యోగులతో రోజుకొకసారి మాట కలపండి. బతుకు మీద విరక్తి కలిగితే 14416 టెలీమానస్‌కు ఫోను చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

యాజమాన్యం ఎవరిదో తేల్చడం మన చేతిలో లేదు. అది తేలేనాటికి మనం ఆరోగ్యంగా నిలబడి ఉండాలి. అందుకు తగిన శ్రద్ధ మాత్రం మన చేతిలోనే ఉంది.