బొమ్మ కింద ఎవరి పేరు?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో తప్పు మా అమ్మాయిది కొంత, నాది ఎక్కువ. అందుకే రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మా అమ్మాయికి పోకెమాన్ ఆటలంటే పిచ్చి. ఆడటం కన్నా అందులోని జీవుల బొమ్మలు వేయడం ఇంకా ఇష్టం. వాళ్ల నాన్న పాత ల్యాప్‌టాప్‌లో పిస్కెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, గంటలు గంటలు కూర్చుని గళ్లు నింపుతుంది. "ఈ రోజుల్లో కూడా ఈ గళ్ల బొమ్మలేంటే?" అని నేను విసుక్కుంటే తనే నాకు పాఠం చెప్పింది. మొదటి పోకెమాన్ ఆటలు 1996లో జపాన్‌లో గేమ్ బాయ్ అనే చిన్న యంత్రం మీద వచ్చాయి. దాని తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు, నాలుగు ఛాయలే. తర్వాత వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆటల్లో ఒక్కో జీవి బొమ్మకి 64 గళ్ల పొడవు, 64 గళ్ల వెడల్పు, వెనక ఖాళీ పోను 15 రంగులు. చాలామంది అభిమానులు ఇప్పటికీ సరదాగా ఆ కొలతలకే కట్టుబడి, సొంతంగా కొత్త జీవుల్ని ఊహించి బొమ్మలు వేస్తారు. ఆన్‌లైన్‌లో ఒకరికొకరు చూపించుకుంటారు. బాగుంటే మెచ్చుకుంటారు, బాగోకపోతే ఎక్కడ దిద్దుకోవాలో చెబుతారు.

అలాంటి ఒక బృందంలో మా అమ్మాయి కూడా చేరింది. మావారు ముందు అన్నీ చూసి సరే అన్నారు. దసరాకి తను పాలపిట్టని పోకెమాన్‌లా మార్చి వేసింది. నీలం రెక్కలు, గుండ్రటి కళ్లు, తల మీద చిన్న జమ్మి ఆకు. నిజంగా ముద్దొచ్చేలా ఉంది. బృందంలో పెట్టిన రోజు సాయంత్రానికే నలభై మందికి పైగా మెచ్చుకున్నారు. అన్నం తింటూ కూడా ఫోన్ వంకే చూస్తోంది. నేనూ మురిసిపోయాను.

మర్నాడు రాత్రి తన గదిలో లైటు ఆర్పేసి ఉంది. అన్నానికి పిలిస్తే రాలేదు. వెళ్లి చూస్తే దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. చాలాసేపు బతిమాలాక ఫోన్ నా చేతికిచ్చింది. బృందంలో ఒకరు మర్యాదగానే అడిగారు: "ఈ పక్షి రెక్కలు, కాళ్లు పోయినేడాది ఇక్కడ మరొకరు వేసిన బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. దాని మీదే వేశావా? అయితే తప్పేం లేదు, వాళ్ల పేరు రాయి చాలు." దాని కింద ఇంకొకరు ఒకే మాట రాశారు: "దొంగ."

నాకు ఒళ్లు మండిపోయింది. పదమూడేళ్ల పిల్లని పట్టుకుని దొంగ అంటారా? తన ఫోన్‌లోనే జవాబు టైప్ చేయడం మొదలుపెట్టాను. 'అసలు ఈ పోకెమాన్లు మీ సొంతమా? మీరందరూ కాపీ కొట్టేవాళ్లే కదా' అంటూ చాలానే రాశాను. పంపించబోతుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. వాళ్లు చెప్పింది నిజమే. ఆ బొమ్మ తీసుకుని దాని మీదే వేశా. రంగులు మార్చా, తల మార్చా. రెక్కలు మాత్రం రాలేదు నాకు."

"మరి ఆ మాట ముందే రాయొచ్చు కదా? నేనే వేశానని ఎందుకు పెట్టావే?"

తను నా మొహంలోకి చూసింది. "మొన్న సైన్స్ ఎగ్జిబిషన్‌కి మోడల్ షాపులో కొన్నాం కదమ్మా. నా పేరు రాసే ఇచ్చాం కదా."

నేనేం మాట్లాడలేకపోయాను. ఆ మోడల్ సంగతి ఇక్కడ చెప్పాలి. వాన నీటి సంరక్షణ మీద మోడల్ చేసుకురమ్మన్నారు. ఇంకా పది రోజులుంది కదా అనుకున్నాం. చివరికి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి స్టేషనరీ షాపుకి పరిగెత్తాను. థర్మాకోల్ ఇల్లు, పైన ఆకుపచ్చ స్పాంజి చెట్లు, నీలం రంగు పైపులు. 450 రూపాయలు. పేరు రాయడానికి చిన్న తెల్ల అట్టముక్క కూడా షాపువాళ్లే అంటించి ఇచ్చారు. దాని మీద నా చేత్తో, నా అందమైన దస్తూరీతో మా అమ్మాయి పేరు రాశాను. మర్నాడు దాని పక్కన తనని నిలబెట్టి ఫొటో తీసి, 'మా బంగారం చేసిన మోడల్' అని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. మా చుట్టాలందరూ చప్పట్లు పంపారు. ఆ రోజు మా అమ్మాయి ఎందుకో పెద్దగా సంతోషంగా లేదు. నేను పట్టించుకోలేదు.

టైప్ చేసినదంతా చెరిపేశాను. ఆ రాత్రి ఇద్దరం పెరుగన్నం తిని పడుకున్నాం.

ఆ ఆదివారం మా పుట్టింటికి వెళ్లాం. మాది భూదాన్ పోచంపల్లి. మా నాన్న నలభై ఏళ్లకు పైగా మగ్గం నేశారు. ఇప్పుడు చూపు తగ్గింది కానీ పని చూడందే ఉండలేరు. మనవరాలు ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మని పెద్దది చేసి చూపిస్తే, కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగారు.

"గిది మన గ్రాఫే గదా బిడ్డా!" అన్నారు.

లోపలి నుంచి పాత గళ్ల కాగితాలు తెచ్చారు. మా ఇళ్లలో చీర డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీదే గీస్తారు. ఒక్కో గడికి ఇన్ని పోగులని లెక్క. ఆ లెక్క ప్రకారం రంగు అంటకూడని చోట నూలుకి సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టాలి, విప్పాలి. బొమ్మ ముందు నూలు మీద తయారవుతుంది, తర్వాతే మగ్గం మీదికి వస్తుంది. ఒక్క గడి లెక్క తప్పినా చిలుక ముక్కు చెదిరిపోతుంది.

తాతామనవరాళ్లకి మంచి జోడీ కుదిరింది. "తాతా, మారియోకి టోపీ, మీసం ఎందుకో తెలుసా?" అని తను అడిగింది. 1981లో డాంకీ కాంగ్ అనే ఆట కోసం షిగేరు మియామోతో ఆ బొమ్మ వేసినప్పుడు, ఉన్న కాసిన్ని చుక్కల్లో జుట్టు, నోరు చూపించడం కుదరలేదట. అందుకే టోపీ పెట్టి జుట్టు దాచారు, మీసం పెట్టి నోరు దాచారు. మా నాన్న పగలబడి నవ్వారు. "మాకు గూడ గంతే. గుండ్రంగ రమ్మంటే గళ్లల్ల యాడొస్తది? మెట్లు మెట్లుగనే తిప్పాలె" అన్నారు.

అప్పుడు మా అమ్మాయి తనంతట తనే జరిగింది చెప్పింది. కోప్పడతారేమోనని నేను భయపడ్డాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. గళ్ల కాగితాల్లోంచి ఒకటి తీసి తన ముందు పెట్టారు.

"గిది మా గురువు డిజైన్. నేను పదేండ్లు గిదే సూసి నేసిన. నేర్సుకునేటోడు సూసే నేస్తడు, దాంట్ల తప్పులేదు. ఎవలన్న అడిగితే, గిది ఆయనదని చెప్పిన. గంతే. చీర మీద నేసినోని పేరు ఉండదు బిడ్డా. గందుకే నోటితోనన్న చెప్పాలె."

తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. నెలల తరబడి గీసి, కట్టి, నేసిన డిజైన్‌ని ఎవరో చూసి వెళ్లి మామూలు బట్ట మీద అచ్చు వేసేస్తారు. అదే బజారులో పోచంపల్లి చీర పేరుతో చవగ్గా దొరుకుతుంది. తను గీసిన డిజైన్ అలా అచ్చు చీరగా ఒక పెళ్లిలో మా నాన్నకే ఎదురుపడిందట. "ఆ అమ్మకు కట్టుకోవద్దని చెప్తనా? ఊకున్న. గని ఆ దినం అన్నం తినబుద్ధి కాలె." మా అమ్మాయి తలొంచుకుని వింది. ఆ రెక్కలు మొదట వేసినవాళ్లు ఎవరో, ఏ దేశంలో ఉన్నారో తనకి తెలీదు. కానీ వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో మాత్రం ఆ పూట తెలిసింది.

అమ్మ పక్కనుంచి అందుకుంది. చీరకి ఆసు పోసి పోసి మా అమ్మ భుజాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆసు యంత్రాన్ని కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారు, ఆ యంత్రానికి తన తల్లి లక్ష్మి పేరే పెట్టారని గుర్తుచేసింది. "ఎవలి కష్టం జూసి చేసిండో వాళ్ల పేరు పెట్టిండు" అంది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి బృందంలో క్షమాపణ రాసింది. ఆ బొమ్మ వేసినవారికి విడిగా కూడా రాసి మాకు చూపించి పంపింది. మూడు రోజులు జవాబు రాలేదు. ఆ మూడు రోజులూ తను ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. నాలుగో రోజు జవాబొచ్చింది. పేరు రాస్తే తన బొమ్మ ఆధారంగా వేసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. 'ఇంతకీ ఈ నీలం పక్షి ఏది, మా వైపు ఎప్పుడూ చూడలేదు' అని అడిగారు. మా అమ్మాయి ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి అనీ, దసరా నాడు దీన్ని చూస్తే మంచిదంటారనీ పేద్ద ఉత్తరమే రాసింది.

తర్వాత పాలపిట్టని మళ్లీ మొదట్నుంచి వేసింది. ఈసారి రెక్కలు తనవే. కొంచెం వంకరగా ఉన్నాయి. కింద ఇలా రాసింది: 'రెక్కలు వేయడం ఫలానావారి బొమ్మ చూసి నేర్చుకున్నాను. మెట్లు మెట్లుగా తిప్పడం మా తాత నేర్పారు.' పదకొండు మంది మెచ్చుకున్నారు. దొంగ అన్నవారు మాత్రం మళ్లీ ఏమీ అనలేదు, మంచీ లేదు చెడూ లేదు. మా అమ్మాయి కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మీ పిల్లలూ ఇలా బొమ్మలు పంచుకుంటుంటే, మేము పెట్టుకున్న నియమాలు మీకూ పనికొస్తాయేమో చూడండి. అసలు పేరు కాకుండా మారుపేరు వాడటం. స్కూల్ పేరు, యూనిఫాం ఫొటో, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఎక్కడా పెట్టకపోవడం. తెలియనివాళ్లు విడిగా మెసేజ్ పెడితే మాకు చూపించడం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఇంకోటి, ఆ పాత్రల మీద హక్కులు ఆట తయారుచేసిన కంపెనీలవి. 2016 ఆగస్టులో పోకెమాన్ యురేనియం అని అభిమానులు తొమ్మిదేళ్లు కష్టపడి చేసిన ఆట, ఉచితంగానే పంచినా, హక్కుల నోటీసులతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి సరదాకి వేసుకోవడం వేరు, అమ్ముకోవడం వేరు అని పిల్లలకి ముందే చెప్పాలి.

ఇక మోడల్ సంగతి. "నేను చెప్పేశాను కదా, మరి నువ్వు?" అని మా అమ్మాయి రోజూ అడిగేది. పేరెంట్స్ మీటింగ్‌లో వరసలో నిలబడ్డంతసేపూ నా చేతులు చల్లబడుతూనే ఉన్నాయి. టీచర్‌గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, "ఈసారి వంకరగా వచ్చినా పర్వాలేదండీ, తననే చేయనివ్వండి" అన్నారు.

అదే చేశాం. వాటర్ బాటిళ్లు, పాత ఐస్‌క్రీమ్ డబ్బా, వాళ్ల నాన్న ఇచ్చిన పైపు ముక్క. మా అమ్మాయి నాలుగు రోజులు కష్టపడింది. వచ్చే ఎగ్జిబిషన్‌లో మీకు ఒకచోట బల్ల మీద నీళ్లు కారుతూ కనిపిస్తే, అది మాదే. పక్కనే తుడవడానికి గుడ్డ పట్టుకుని మా అమ్మాయి నిలబడి ఉంటుంది. అట్టముక్క మీద పేరు కూడా ఈసారి తనే రాసుకుంది.