పురిటి గదిలో పోయే చూపు

"మూడో నెల రాందే బిడ్డను వాకిలి దాటనీయం సార్."

హిందూపురంలో పిల్లల డాక్టరుగా నేను ఈ మాట వినని వారం లేదు. కోడలి తరఫున అత్త చెబుతుంది, కూతురి తరఫున తల్లి చెబుతుంది, ఒక్కోసారి చదువుకున్న తండ్రే చెబుతాడు. ప్రేమతో చెప్పే మాటే. చలిగాలి నుంచి, అంటురోగాల నుంచి పసిగుడ్డును కాచుకునే పద్ధతి అది. నెలలు నిండి మూడు కేజీల బరువుతో పుట్టిన బిడ్డకైతే నేనూ కాదనను. ఏడో నెలలో కేజీంబావు బరువుతో పుట్టిన బిడ్డకు మాత్రం ఆ మూడు నెలల్లోనే, ఆ పురిటి గదిలోనే కళ్లు పోతున్నాయి. చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. అయినా చెప్పక తప్పదు.

ధర్మవరం నుంచి ఒక అవ్వ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. బిడ్డకు ఐదో నెల. ఇంట్లో రెండు మగ్గాలున్నాయట. "మగ్గం సప్పుడైతే అటు తిరుగుతాది సార్. అమ్మ మొగం దిక్కు మాత్రం సూడదు. కంట్లో తెల్లగా పువ్వు లేసినట్టుంది" అంది. టార్చి వేశాను. రెండు కనుపాపల వెనకా తెల్లటి పొర. పాత కాగితాలు అడిగితే చీరల కవరులోంచి తీసిచ్చారు. 30 వారాలకే కాన్పు. బరువు కేజీ మూడు వందలు. 24 రోజులు బాక్సులో పెట్టారు, అందులో చాలా రోజులు ఆక్సిజన్. ఆఖరి కాగితం అడుగున ఇంగ్లీషులో ఒకే ఒక్క వరుస ఉంది: నాలుగు వారాలకు కళ్ల పరీక్ష చేయించాలి. కాగితం ఇచ్చినవాళ్లు దాన్ని చదివి వినిపించలేదు. ఇంటికెళ్లాక పక్కింటి కుర్రాడెవరో చదివి చెప్పాడు. మూడో నెల వచ్చాక చూద్దాంలే అనుకున్నారు. మూడో నెల వచ్చేసరికి మగ్గం మీద పెళ్లి చీర ఉంది, అది దిగాక పోదామనుకున్నారు. బిడ్డ కళ్లు తెరిచి చూస్తూనే ఉంది కదా, తొందరేముంది?

ఆ ఇంట్లో ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. ఆ రోజుల్లో బిడ్డ కంట్లో ఎరుపు లేదు, పుసి లేదు, నీరు కారలేదు. ఈ జబ్బు పైకి కనిపించేనాటికి చేయగలిగింది దాదాపు ఏమీ మిగలదు.

అవ్వ అడిగింది: "గ్రహణం నాడు ఇది బయటికొచ్చింది సార్, దాంతోనేనా?" తండ్రి అడిగాడు: "మేము మేనరికం సార్, అందుకా?" తల్లి ఏమీ అడగలేదు. తలెత్తి నా వైపు చూడను కూడా లేదు. ఐదు నెలలుగా ఆ ఇంట్లో ఆమె ఎన్ని మాటలు పడిందో నాకు తెలియదు గానీ, ఆ రోజు మాత్రం గట్టిగానే చెప్పాను. గ్రహణం కాదు, దిష్టి కాదు, ఆమె తిన్న బొప్పాయి కాదు. మేనరికంతో వచ్చే కంటి జబ్బులు వేరే ఉన్నాయి, ఇది వాటిలోది కాదు. ఇందులో ఈ తల్లి చేసిన తప్పు రవ్వంత కూడా లేదు. నేనిలా చెప్పాకే ఆమె ఏడ్చింది.

మరెందుకొచ్చింది? గర్భంలో నాలుగో నెల దాకా బిడ్డ కంటి వెనక రెటీనా అనే పొరలో రక్తనాళాలుండవు. ఆ తర్వాత మధ్యలో మొదలై అంచుల వైపు అల్లుకుంటూ పోతాయి. ముక్కు వైపు చివరకు చేరడానికి 36 వారాలు, కణత వైపు చివరకు చేరడానికి దాదాపు 40 వారాలు పడుతుంది. ఆ తండ్రికి తన పని మాటల్లోనే చెప్పాను. కొంగు నేయకముందే చీరను మగ్గం మీద నుంచి దించేస్తే మిగిలిన పడుగు పోగులుగా వేలాడుతుంది కదా, నీ బిడ్డ కన్ను అట్లా సగం నేతలో బయటికొచ్చింది అన్నాను. బయట ఆక్సిజన్ ఎక్కువైతే నాళాల పెరుగుదల ఆగిపోతుంది. వారాలు గడిచేకొద్దీ పెరుగుతున్న రెటీనాకు రక్తం చాలదు. అప్పుడు ఒక వరసా క్రమమూ లేకుండా కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి చిట్లుతాయి, మచ్చకట్టి ముడుచుకుంటాయి, ముడుచుకుంటూ రెటీనాను వెనక గోడ నుంచి ఊడదీస్తాయి. పుట్టిన రోజున ఈ జబ్బు ఉండదు. పుట్టాక కొన్ని వారాలకు, మనం తలుపులు వేసి బిడ్డను కాపాడుకుంటున్నామనుకునే రోజుల్లో ముదురుతుంది.

ముప్పు ఎవరికి ఎక్కువ? ఎంత ముందు పుట్టి, ఎంత తక్కువ బరువుంటే అంత ఎక్కువ. ఆ పైన లెక్క లేకుండా పెట్టిన ఆక్సిజన్. రక్తంలో చీము చేరడం, ఊపిరి మధ్యమధ్య ఆగిపోవడం, రక్తం ఎక్కించాల్సి రావడం. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: పుట్టాక బరువు సరిగా పెరగని బిడ్డకూ ముప్పు ఎక్కువే. తల్లిపాలు ఈ ముప్పును కొంత తగ్గిస్తాయి. అంటే నోటికి పట్టాలి. కంట్లో పిండితే కాదు. చనుబాలు, ఆముదం, కాటుక కంట్లో పెట్టుకుని వచ్చిన నెల తక్కువ బిడ్డలను ఎంతమందిని చూశానో!

ఆక్సిజన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ అనే కళ్ల డాక్టరు నెల తక్కువ బిడ్డల్లో ఈ అంధత్వాన్ని మొదటిసారి వర్ణించాడు. అప్పట్లో బాక్సుల్లోకి ఆక్సిజన్ ధారాళంగా వదిలేవారు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ ఆ ఆక్సిజన్ వైపే వేలు చూపింది. ఆ పదేళ్లలో ప్రపంచంలో సుమారు 10,000 మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. 1950లో నెల తక్కువగా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది కూడా ఈ జబ్బుతోనే. ఆ తర్వాత భయపడి ఆక్సిజన్‌ను మరీ బిగించారు. కళ్లు దక్కాయి గానీ ఊపిరి అందక బిడ్డలు పోయారు. అందువల్ల ఆక్సిజన్‌ను మానేయడమూ కాదు, వదిలేయడమూ కాదు. దానికీ మోతాదుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, సిలిండర్‌లోంచి వచ్చేది దాదాపు 100 శాతం. రెంటినీ కలిపి కొలిచి ఇచ్చే పరికరం ఉండాలి. ఆక్సిజన్ మీద ఉన్న నెల తక్కువ బిడ్డకు వేలికో పాదానికో పెట్టే మీటరు 90 నుంచి 95 మధ్య చూపాలి. కరోనా తర్వాత ఆ మీటరు అందరికీ తెలిసింది. దాని మీద 100 కనిపిస్తే ఇంటివాళ్లు సంతోషపడతారు, నర్సమ్మలూ సంతోషపడతారు. ఆక్సిజన్ పెట్టిన నెల తక్కువ బిడ్డకు ఆ 100 ప్రమాదం గుర్తు.

ఇతరులను తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో పరిగి వైపు నుంచి 34 వారాల మగబిడ్డ వచ్చాడు. కేజీ ఎనిమిది వందలు. రక్తంలో చీము చేరింది, రెండుసార్లు రక్తం ఎక్కించాం, బతికాడు. నేను చదివిన అమెరికా పుస్తకంలో కేజీన్నర లోపు, 30 వారాల లోపు బిడ్డలకే కళ్ల పరీక్ష అని ఉంది. వీడికి అక్కర్లేదనుకుని ఇంటికి పంపాను. ఈ రోజు అతనికి ఒక కంటిలోనే చూపుంది. అమెరికాలో అంత బరువున్న బిడ్డకు ఈ జబ్బు చాలా అరుదు. ఇక్కడ కొలత లేని ఆక్సిజన్‌తో, ఇన్‌ఫెక్షన్లతో పెద్ద బిడ్డలకూ వస్తోంది. అందుకే మన దేశంలో లెక్క వేరు: రెండు కేజీల లోపు పుట్టినా, 34 వారాల లోపు పుట్టినా పరీక్ష చేయాలి. 36 వారాల దాకా ఉన్న బిడ్డ జబ్బుపడి ఉంటే వాడికీ చేయాలి. ఆ తల్లి ఇప్పటికీ నాకు దండం పెడుతుంది, బిడ్డను బతికించానని. నాకు తలెత్తడం చేతకాదు.

2015 జులైలో సుప్రీం కోర్టు తమిళనాడులోని ఒక అమ్మాయి కేసులో తీర్పు చెప్పింది. 1996లో 29 వారాలకు 1,250 గ్రాములతో పుట్టిన బిడ్డ. కళ్ల పరీక్ష కావాలని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు, చూపు పోయింది. కోటీ ఎనభై లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది కోర్టు. ఆ తీర్పును నేను మా ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్లందరితో చదివించాను. కాగితం మీద రాయడం వేరు, తల్లికి అర్థమయ్యే మాటలో చెప్పడం వేరు అని వాళ్లకు తెలియాలి.

పరీక్ష పెద్ద కష్టం కాదు. చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేస్తారు, రెప్పలు విప్పి పట్టే చిన్న తీగ పెడతారు, రెటీనా డాక్టరు లైటుతో లోపలికి చూస్తాడు. బిడ్డ ఏడుస్తుంది, తర్వాత పాలు తాగి నిద్రపోతుంది. జబ్బు ముదురుతుంటే లేజరు లేదా కంట్లో ఇంజెక్షన్. అదీ రెండు మూడు రోజుల్లోపే.

పెనుకొండ దగ్గర పల్లెలో ఒక దంపతులు. ఆమె గార్మెంట్స్‌కు పోయేది, అతను ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి జనాన్ని చేరవేసే బస్సు డ్రైవరు. 31 వారాలకు కవలలు. "బెంగుళూరు దాకా ఈ పిట్టంత బిడ్డల్ని యాడ తీస్కపోయేది సార్" అని అవ్వ నాతో కొట్లాడింది. నేనూ గొంతు పెంచాను, ఇప్పుడు తలుచుకుంటే కొంచెం ఎక్కువే పెంచాను. చివరికి 28వ రోజు తెల్లారకముందే ఆ అవ్వే ఇద్దరినీ దూదిలో చుట్టి రైలెక్కింది. ఒకడికి ఏమీ లేదు. ఇంకొకడికి జబ్బు మొదలైపోయింది, మర్నాడే లేజరు చేశారు. వాడు ఇప్పుడు రెండో తరగతి. అద్దాలు పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంటాడు. వచ్చినప్పుడల్లా నా టేబులు మీది మందుల పేర్లు గట్టిగా చదువుతాడు.

30 ఏళ్ల కిందట కేజీ బిడ్డ మన దగ్గర బతకడం అరుదు, కాబట్టి ఈ జబ్బూ అంతగా కనపడలేదు. 2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. ఇప్పుడు వాళ్లలో చాలామంది బతుకుతున్నారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో డాక్టర్ సుభద్ర జలాలి, పుట్టిన ముప్పై రోజుల్లోపే కళ్ల పరీక్ష జరగాలని ఏళ్ల తరబడి ఊరూరా చెబుతున్నారు. కర్ణాటకలో నారాయణ నేత్రాలయ 2008 నుంచి కెమెరాలను పల్లె ఆస్పత్రులకే పంపుతోంది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు బిడ్డ కంటి ఫొటోలు తీస్తే బెంగుళూరు డాక్టర్లు చూసి చెబుతారు. ఆ కర్ణాటకలోని గౌరిబిదనూరు మన హిందూపురానికి గంట దూరం కూడా లేదు. నెల తక్కువ బిడ్డను బాక్సులో పెట్టే ప్రతి ఆస్పత్రికీ, అది ఎంత చిన్నదైనా, వారానికోసారి అట్లాంటి కెమెరా రావాలి. అప్పుడు ఏ అవ్వతోనూ నేను కొట్లాడాల్సిన పని ఉండదు.

అంతదాకా మీరే లెక్క పెట్టుకోవాలి. మీ ఇంట్లోనో మీ వీధిలోనో రెండు కేజీల లోపు బిడ్డ పుట్టి ఉంటే పుట్టిన తేదీ అడగండి. 30 రోజులు దాటకముందే రెటీనా డాక్టరుకు చూపించండి. కేజీ రెండు వందల లోపు బిడ్డయితే మూడో వారం దాటనివ్వకండి. డాక్టరు మళ్లీ రమ్మన్న ప్రతి తేదీకీ వెళ్లండి. పురుడు ఇంకా ఉందని ఎవరైనా అడ్డుపడితే, నన్ను తిట్టుకోమనండి, బిడ్డను మాత్రం బయలుదేరదీయండి.