తేదీ లేని శిక్ష

మన మైదానమున సాయంకాలము బంతి వెంట పరుగెత్తు బాలురకు గోలు కొట్టినవాని పేరు నెలదినములు జ్ఞాపకముండును. గోలు కాకుండ నిలిపినవాని పేరు మరునాటికే మఱపున బడును. అందుచేత నీ సంచికలో నొక రక్షకుని గూర్చి వ్రాయదలచితిని.

ఆయన పేరు విల్లీ వుడ్‌బర్ను. 1919 ఆగస్టులో స్కాట్లండునందలి ఎడింబరో నగరమున జన్మించెను. 1937లో గ్లాస్గోలోని రేంజర్సు జట్టున జేరి, తన యాట ముగియువఱకు దానినే నమ్ముకొని యుండెను. ఆయన స్థానము సెంటర్ హాఫ్. అనగా గోలు కీపరునకు ముందు నడుమ నిలిచి, ఎదిరిపక్షపు సెంటర్ ఫార్వర్డు నడ్డగించువాడు. యుద్ధానంతరము గోలునందు బాబీ బ్రౌను, వాని ముందు జార్జి యంగు, జాకు షా, ఇయాన్ మెకాల్, వుడ్‌బర్ను, సామీ కాక్సు నిలువగా, ఆ యార్గురిని జనులు ‘ఇనుప తెర’ యని పిలిచిరి. 1948-49లో రేంజర్సు లీగును, స్కాటిషు కప్పును, లీగు కప్పును ఒక్క యేటనే గెలిచిరి. అంతకుముందు స్కాట్లండున నే జట్టును అట్లు చేసి యెఱుగదు. దేశము పక్షమున వుడ్‌బర్ను 24 మారు లాడెను. 1949లోను 1951లోను వెంబ్లీ మైదానమున ఇంగ్లండు నోడించిన జట్లలో ఆయనయు నుండెను.

ఇంతటివానికి కోపమొక్కటి శత్రువయ్యెను. ఎదిరివానితో కలహించినందుకు 1948లో 14 దినములు ఆటనుండి తొలగింపబడెను. ఆ తరువాత 21 దినములు. మఱల ఆరు వారములు. ఇంకొకమారు జరిగినచో మిక్కిలి తీవ్రముగ చూతుమని స్కాటిషు ఫుట్‌బాలు సంఘమువారు హెచ్చరించిరి. 1954 ఆగస్టు 28వ తేదీన ఐబ్రాక్సు మైదానమున స్టిర్లింగు ఆల్బియన్‌తో ఆట. రేంజర్సు రెండు గోళ్లతో గెలుపునం దుండిరి, ఆట ముగియవచ్చెను. అప్పుడు ఎదిరిపక్షపు యువకు డొకడు, అదివఱకే నొప్పితో నున్న వుడ్‌బర్ను మోకాలిని తాకెను. ఆయన తన్ను తాను మఱచి వానిని కొట్టెను.

సెప్టెంబరులో సంఘమువారు విచారించి ‘సైనీ డై’ అని తీర్పు చెప్పిరి. ఇది లాటిను మాట. శాసనసభను నిరవధికముగ వాయిదా వేసిరని వార్తాపత్రికలలో చదువుదుము గదా, అదియే. శిక్ష కలదు, ముగియు దినము లేదు. అప్పటి కాయనకు 35 ఏండ్లు. ఆ విచారణకు పట్టిన కాలము నాలుగు నిమిషములట! నా తరగతిలో హాజరుపట్టీ పిలుచుటకే అంతకంటె నెక్కువ పట్టును.

విద్యార్థులారా, ఆయన చేసినది ఒప్పని నేననను. దెబ్బ తిన్నవాడును ఒక తల్లి బిడ్డయే. మూడుమారులు తెలిపినను వినని యాటగానిని సంఘమువారు ఊరక విడువజాలరు. నా యభ్యంతర మంతయు ఆ తేదీ లేమిని గూర్చియే. పదునాలుగు దినములని వ్రాయనేర్చిన చేయి ఒక సంవత్సరమని యేల వ్రాయలేకపోయెను? శిక్షకు హద్దు తెలిసినవాడు దినములు లెక్కించుకొనును; ఆ లెక్కలోనే దిద్దుబాటు మొదలగునని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు బోధించిరి. ఇరువదేండ్ల యనుభవమున అది నిజమని కనుగొంటిని. నే నెఱిగిన యొక బడిలో పోట్లాడిన బాలుని జట్టునుండి తీసివేసిరి. ఎన్నాళ్లకని యెవరును చెప్పరైరి. వాడు కొన్ని శనివారములు గట్టుమీద కూర్చుండి చూచెను. పిదప గట్టునకును రాడయ్యెను. కొన్నాళ్లకు బడికిని రాడయ్యెను. వాని తండ్రి వచ్చి, “అయ్యా, మావాడి శిక్ష యెప్పుడు తీరును?” అని యడిగినప్పుడు చెప్పుటకు మా యొద్ద తేదీ లేదు.

వుడ్‌బర్ను విషయమున ఆ తేదీ 1957 ఏప్రిలులో వచ్చెను. సంఘమువారు నిషేధమును తొలగించిరి. కాని 37 ఏండ్ల సెంటర్ హాఫ్ తిరిగి యేమి యాడగలడు? ఆడలేదు. పిమ్మట పత్రికలో ఆటలను గూర్చి వ్రాయుచు, ఇతరుల యాటను చూచుచు గడపెను. 2001 డిసెంబరులో కాలధర్మము నొందెను. 2004లో స్కాటిషు ఫుట్‌బాలు కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చిరి.