నేల వెల: తాడిపత్రి బండల కార్ఖానాలలో

అనంతపురమునుండి తాడిపత్రికి పోవు త్రోవలో కంటికందినంత మేర ఎఱ్ఱనేలయు, ఆ నేలపై వానకై ఎదురుచూచు వేరుసెనగ చేలును, చేల నడుమ నక్కడక్కడ నొక వేపయో, కానుగయో, చింతయో, గట్లమీద తుమ్మచెట్లో తప్ప, నిలువెత్తు పలక తీయుటకు పనికివచ్చు మహావృక్షము కానరాదు. పడమటి కనుమల వాననీడలో బడి, సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల మాత్రపు వర్షముతో, అదియు కురియవలసిన వేళ కురియక, కాలము గడుపుకొనుచున్న యీ పీఠభూమిలో, ఇంటి నేలకు కొయ్యపలకలు పఱపించుకొనవలెనను కోరిక పుట్టుట వింతయే. కాని పుట్టినది, మా అక్కగారి యింటిలోనే పుట్టినది.

ఉద్యోగరీత్యా అమెరికాలోని డాలస్ నగరమున స్థిరపడిన మా మేనల్లుడు, తల్లిదండ్రులకై అనంతపురములో కట్టించుచున్న యింటికి, తానక్కడ అలవాటుపడిన ఓకు చెక్క నేలవంటిది వేయింపదలచి, “మామా, ఇల్లంతా కాకపోయినా హాలుకు, అమ్మానాన్నల పడకగదికి చెక్క వేయిద్దాం. కాలికి చల్లగా తగలదు. ఎంతవుతుందో కనుక్కొని చెప్పు” అని ఫోనులో పురమాయించెను. ప్రక్కనే కూర్చుండి వినుచున్న మా బావగారు, “ఎండాకాలంలో కాలికి చల్లగా తగలాలనే కదప్పా మనం బండలు పరుచుకునేది” అని మాత్ర మనిరి. మేనల్లుని మాట కాదనలేక, బావగారి మాట త్రోసిపుచ్చలేక, కొయ్య లెక్కయు రాతి లెక్కయు రెండును తెచ్చెదనని యొప్పుకొంటిని.

కొయ్య లెక్క అనంతపురములోనే ఒక వృద్ధ వడ్రంగి చెప్పెను. టేకును ఘనపుటడుగులలో కొని చదరపుటడుగులలో పఱచవలసియుండుటచేత గృహస్థు మొట్టమొదట తికమకపడునది యిక్కడనే. పలక మందము ముప్పావంగుళ మనుకొన్నచో ఒక ఘనపుటడుగు కొయ్యనుండి కాగితముమీద 16 చదరపుటడుగుల నేల వచ్చును. కాని రంపపు కోతలో కొంత, చిత్రికలో కొంత, ఒక పలక అంచు రెండవ పలక గాడిలో ఇముడునట్లు చెక్కుటలో మఱికొంత పొట్టుగా రాలిపోయి, నాలుగవవంతు తరుగుట మామూలు. పది అడుగుల వెడల్పును పండ్రెండడుగుల పొడవును గల పడకగదికి 120 చదరపుటడుగులు. కాగితముమీద ఏడున్నర ఘనపుటడుగులు చాలవలెను, అంగడిలో మాత్రము పది కొనవలెను. ఇది కొయ్య వెల మాత్రమే. దాని క్రింద చెమ్మ ఎక్కకుండ పఱచు పొర, పలకలను పట్టియుంచుటకు ప్లైవుడ్డు, మేకులు లేక జిగురు, అంతయు పఱచిన తరువాత గరకుకాగితముతో రాచుట, ఆరుటకు గడువిచ్చుచు పొరమీద పొరగా వార్నీషు, గోడల వెంబడి అంచుబద్దలు, వీనికి వేఱుగా కూలి. ఇవన్నియు చేరిన పిమ్మట అసలైన గట్టికొయ్య నేలకు చదరపుటడుగు వెల వందల రూపాయలలోనికి పోవును. నాపబండ వెల అయిననో కొన్ని పదులతో ఆగును.

వెలకన్న వాతావరణము గడుసుది. కొయ్య గాలిలోని చెమ్మను బట్టి ముడుచుకొనును, ఉబ్బును. అందుచేతనే పలకలను తెచ్చిన దినమున పఱవక, పఱవబోవు గదిలోనే కొన్నాళ్ళు నిలువయుంచి, ఆ గాలికి అలవడిన తరువాత పనికి పూనుకొందురు. మన యెండకాలపు పొడిగాలికి పలకల సందులు విచ్చును. భాద్రపద ఆశ్వయుజములలో వానపడగానే అవి మరల బిగియును. గోడల అంచున ఎడము విడువని పనివాడు దొరకెనా, పలకలు నడుమ లేచి నిలుచును. వీనికి తోడు చెద. “కట్టె వేయమంటే వేస్తా సార్, కాదనను. ఏటేటా మందు కొట్టించుకునేది మాత్రం మీరే” అని యా వడ్రంగి చేతులు దులుపుకొనెను. తన పని పోగొట్టుకొనియైనను నిజము చెప్పిన యా వృద్ధునియెడ నాకు గౌరవము కలిగినది. అంగళ్ళలో ‘వుడెన్ ఫ్లోరింగు’ అని చవుకగా చూపునది చాలవఱకు కొయ్యపొట్టును అదిమి, పైన చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితము నంటించి, దానిపై గట్టి పూత పూసిన పలక. నీరు నిలిచిన అంచులు ఉబ్బును, అరిగినచో మరల రాచి మెఱుగుపెట్టుటకు వీలుండదు. నిజమైన గట్టికొయ్యకు ఆ వీలుండును, దాని గొప్ప అదియే: పాతబడిన ఓకు నేలను పలుమారులు పైపైన చెక్కి క్రొత్తదానిగా చేసికొందురు. అమెరికాలో తూర్పు అడవులనిండ ఓకు పెరుగును, ఇండ్ల గోడలే కొయ్య చట్రముపై నిలుచును, చలికి రాయి పాదములను కొఱుకును. అచ్చట కొయ్య వేయుట విలాసముకాదు, దగ్గఱ దొరకిన దానిని వాడుకొనుట. మన దగ్గఱ దొరకునది చూచుటకే నేను తాడిపత్రికి బయలుదేరితిని.

పెన్నానది యొడ్డున, గుంతకల్లు–రేణిగుంట రైలుమార్గముమీద నున్న యీ పట్టణమును సమీపించుచుండగనే ఊరికన్న ముందు బండలు ఎదురగును. త్రోవ కిరుప్రక్కల బండల కార్ఖానాలు. ఒక్కొక్క దాని ముంగిట నిలువుగా, ఒకదానికొకటి ఆనించి పేర్చిన నాపబండల వరుసలు. ఎచ్చట చూచినను బూడిదవన్నె దుమ్ము. ఎచ్చట విన్నను రంపపుచక్రము రాతిని కోయు కీచుధ్వని. ఇట్టి పాలిష్ కార్ఖానాలు ఈ ప్రాంతమున వందలకొలది గలవు. నేను ప్రవేశించిన దొక చిన్న రేకుల కొట్టము. పంచె మోకాళ్ళపైకి కట్టిన ఇరువురు మనుష్యులు గరుకు బండ నొకదానిని ఎత్తి బల్లమీద పెట్టిరి. పైనుండి నీరు ధారగా పడుచుండ, సానరాళ్ళు బిగించిన చక్రము ఆ బండపై నిటునటు తిరుగసాగెను. మొదట మొరటు సాన, తరువాత సన్నని సాన. చూచుచుండగనే మట్టికొట్టుకొన్న రాతిలోనుండి నల్లని నునుపు పైకి తేలెను. తరువాత వజ్రపు పలుకులు పొదిగిన చక్రముతో నాలుగంచులు మూలమట్టముగా కోసి ప్రక్కకు చేర్చిరి. ఒక స్త్రీ పారతో కాలువలో పేరుకొన్న బూడిద అడుసును తోడుచుండెను. ఒకరి మాట ఒకరికి వినబడక అందఱును సైగలతోనే పని జరుపుకొనుచుండిరి.

రాయి పుట్టినది ఈ కొట్టములలో కాదు. తాడిపత్రికి ఈశాన్యముగా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె ప్రాంతములవైపు, నేల చదునుగా కనబడుచునే క్రింద పొరలు పొరలుగా విడివడియుండును. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని కడప శిలాద్రోణిలోని కర్నూలు వర్గమునకు చెందిన నార్జి సున్నపురాయి యందురు. కోట్లాది సంవత్సరముల క్రిందట నిస్తరంగమైన సముద్రపుటడుగున సున్నము పేట పేటగా దిగి, బిగిసి, రాయి యైనది. ఆ పేటలే గనిపనివానికి వరము: గడ్డపారను సందున దూర్చి మీటినచో బండ తన మందముతో తానే లేచివచ్చును. గ్రానైటు శిలనైనచో రంపముతో పలకలుగా కోసి తీయవలెను. ఇచ్చట ప్రకృతియే కోసి పెట్టినది. నాపరాయి చవుకకు మూలకారణ మిదియే. ఈ సున్నపురాతి మేటలను నమ్ముకొనియే తాడిపత్రి పరిసరములలో పెద్ద సిమెంటు కార్ఖానాలును వెలసినవి.

యజమాని నన్ను కుర్చీలో కూర్చుండబెట్టి, టీ తెప్పించి, వెల మాట యెత్తగనే నవ్వెను. “రాయికేముంది సార్, నేలలో ఉండాది. ధరంతా మోసేదానికే.” ఆ మాట నిజమేనా యని నేను కాగితముమీద వేసి చూచితిని. అంగుళము మందముగల నాపబండ చదరపుటడుగునకు సుమారు 6 కిలోల బరువు తూగును. వేయి చదరపుటడుగుల యింటికి 6 టన్నులు. అదే ముప్పావంగుళపు టేకు గాని ఓకు గాని దానిలో నాలుగవవంతైనను తూగదు. గనినుండి కార్ఖానాకు, కార్ఖానానుండి లారీకి, లారీనుండి ఇంటికి, ఇంటి ముంగిటినుండి మేడకు, ఎత్తిన ప్రతిసారియు హమాలీ కూలి. ఎత్తిన ప్రతిసారియు పగులు భయము. గనికి రాయల్టీ, యంత్రమునకు కరెంటు, సానరాళ్ళకును చక్రములకును అరుగుదల, ఆపై లారీ బాడుగ: ఇవి యొకటొకటిగా చేరి బండ వెలను కట్టును. అనంతపురము సుమారు 60 కిలోమీటర్లే గనుక మనకు చవుక. దూరము పెరిగినకొలది బాడుగయే రాతిని మించిపోవును.

“మరి టైల్సో?” అంటిని. యజమాని మొగము కొంచెము చిన్నబోయెను. గుజరాతులోని మోర్బీనుండి వచ్చు నిగనిగలాడు పలకలు, అన్నియు ఒకే కొలత, ఒకే రంగు, పఱచిన పిదప మెఱుగు పెట్టనక్కఱలేదు. నాపబండయైనచో ఒకదాని రంగు వేఱొకదానికి రాదు, మందమును సమానము కాదు. “ఇండ్లు కట్టేవాళ్ళు అద్దం మాదిరి కావాలంటారు సార్. మా రాయి అద్దం కాదు” అనెను. అద్దము కాకపోవుటయే దాని మేలని నాకు తోచినది. తడికాలితో నడచు వృద్ధులున్న యింటిలో అద్దమువంటి నేల ఆపదయే.

మధ్యాహ్నము బుగ్గరామలింగేశ్వరాలయమునకు పోయితిని. పెమ్మసాని నాయకుల కాలమున, విజయనగర రాజుల యేలుబడిలో, పెన్న యొడ్డున వెలసిన యీ యాలయపు గోపురములు పైభాగము పూర్తికాకయే నిలిచిపోయినను, వాని గోడలపై శిల్పము పందొమ్మిదవ శతాబ్దపు వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ ప్రశంసలు పొందినది. ఆ శిల్పమున కుపయోగించిన శిల వేఱు, ఈ నాపరాయి వేఱు. కాని శతాబ్దములుగా పాదములు రాచిన గుడిలోని బండపఱపుమీద నిలిచినప్పుడు, నేలకు వెల కట్టుటలో ఏండ్ల నొక ప్రక్క పెట్టి రూపాయల నొక్కటే లెక్కించుట ఎంత కొఱతయో బోధపడును.

తిరిగి వచ్చిన తరువాత బేల్దారి మేస్త్రీతో మాటాడితిని. వెలలో సగము కథ అతనిచేతిలోనే యున్నది. బండలు మందములో సమానము కానందున, క్రింద ఇసుక సిమెంటు పాకమును ఒక్కొక్క బండకు ఒక్కొక్క తీరున పఱచి, దారము కట్టి, నీటిగొట్టముతో మట్టము చూచి, సుత్తిపిడితో తట్టి కూర్చవలెను. డొల్లగా పలికినచో ఆ బండను లేపి మరల వేయవలెను. లేపక విడిచిన బండ ఏదో యొక దినమున బరువైన బీరువా పడి పగులును. అన్నియు కుదిరిన పిదప సందులు సమముగునట్లు ఇంటిలోనే మరల యంత్రముతో మెఱుగుపెట్టవలెను, ఆ బూడిదనీరు గోడలకు చిమ్మకుండ కాపాడుకొనవలెను. ఈ కూలియు, మూలలకు కోసినప్పుడు పోవు ముక్కలును, గోడల వెంబడి వేయు స్కర్టింగును కలుపక బండ ధర నొక్కదానినే చెప్పు దుకాణదారుని నమ్మరాదు. మఱియొక మాట యిల్లాండ్రకు: ఇది సున్నపురాయి, నిమ్మరసము, చింతపులుసు, మరుగుదొడ్డి కడుగు ఆసిడ్డు దీని మెఱుగును తినివేయును. వంటయింటిలో పులుసు ఒలికిన వెంటనే తుడువవలెను.

రెండు లెక్కలును మేనల్లునికి పంపితిని. చల్లని నేల తగిలి తండ్రి మోకాళ్ళు నొచ్చునేమోనను చింత అతనికి నిజముగా నుండుటచేత, మంచము ప్రక్కన చలికాలమున పఱచుకొనుటకు మందపు చాప యొకటి చాలునని అక్కగారు తేల్చిరి. ఇల్లంతయు నాపబండయే వేసితిమి.

వెలలో చేరని ఖర్చు ఒకటి తాడిపత్రిలోనే మిగిలిపోయినది. ఆ స్త్రీ తోడిన బూడిద అడుసు ఎండి, కార్ఖానాల వెనుకను త్రోవల ప్రక్కను దిబ్బలుగా పడి, గాలి వీచినపుడెల్ల ఇండ్లలోనికిని ఊపిరితిత్తులలోనికిని పోవుచున్నది. రాయి కోయువానికి ముక్కుగుడ్డ తప్ప వేఱొక రక్ష నేను చూచిన చోట లేదు. బండ చవుకయనుటలో కొంత భాగము ఆ దుమ్ము భరించువారు మనకిచ్చుచున్న తగ్గింపే. పొడిని నిలువచేయుటకు కార్ఖానాదారులకు స్థలము చూపుటయు, దానిని ఇటుకలలోను తదితర కట్టడపు పనులలోను వాడించుటయు ప్రభుత్వము వారి బాధ్యత. తడికోతను తప్పనిసరి చేసి పనివారికి మంచి ముసుగు లిచ్చుట యజమానుల బాధ్యత. అందువలన చదరపుటడుగునకు ఒకటి రెండు రూపాయలు పెరిగిన పెరుగనిండు. కొయ్యకు వందలు పోయ సిద్ధపడిన మనము, ఆ రెండు రూపాయల దగ్గఱ బేరము చేయకుందము.