పరుగు మొదలుపెట్టాక తెలిసే సంగతులు

పరుగెత్తడం కూడా ఒకరు నేర్పాలా, చిన్నప్పుడు మనమంతా ఉరికినవాళ్ళమే కదా అని చాలామంది అనుకుంటారు. నలభై రెండో ఏట, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక మళ్ళీ మొదలుపెట్టిన నాకు మాత్రం అది కొత్త విద్యలాగే కనిపించింది.

రెండో కాన్పులో నాకు షుగరు వచ్చి, కాన్పు తర్వాత తగ్గిపోయింది. అలా వచ్చి పోయినవారికి తర్వాతి కాలంలో మధుమేహం స్థిరపడే ప్రమాదం ఎక్కువ. మా అమ్మకూ ఆ జబ్బు ఉంది. కిందటేడు రక్తపరీక్షలో మూడు నెలల సగటు 6.2 అని వచ్చింది. 6.5కు చేరితే మధుమేహం కిందే లెక్క. "గడప దగ్గరికి వచ్చిందమ్మా, లోపలికి రానివ్వకండి" అన్నారు డాక్టరుగారు. గుండె, రక్తపోటు పరీక్షించి, పరుగెత్తడానికి అభ్యంతరం లేదన్నారు.

మా చొప్పదండిలో తెల్లవారుజామున ఉరికే యువకులు కొత్త కాదు. 2022 నాటి కానిస్టేబుల్ నియామకాల్లో మగవారు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తవలసి వచ్చింది. ఉద్యోగం కోసం ఉరికితే అందరికీ అర్థమవుతుంది. ఒక గృహిణి ఊరికే ఉరికితే మాత్రం మనవాళ్ళు కీడు శంకిస్తారు. మొదటి వారమే ఒక అవ్వ నన్ను ఆపి, "ఏమైంది బిడ్డా, ఎవలకన్న పాణం బాగలేదా?" అని అడిగింది. "ఏం గాలే అవ్వా, షుగరు రావద్దని ఉరుకుతున్న" అన్నాను. "గట్లనా! మరి మెల్లగ ఉరుకు, తొందరేమున్నది?" అంది.

వైద్యులు చెప్పేదీ అదే! పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైందన్న మాట. మొదట్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు చాలు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే నరాల వంటి పట్టీలకు మాత్రం నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచితే నొప్పులు వచ్చేది అందుకే. కాలి ముందు ఎముక మీద ఒకే చోట, వేలు పెడితే భరించలేనంత నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి.

ఇక సోదరీమణులు ఒకరితో ఒకరు చెప్పుకోని సంగతి ఒకటుంది. పరుగెత్తేటప్పుడు నాలుగు చుక్కల మూత్రం జారడం. కాన్పులైన చాలామందికి ఇది ఉంటుంది. దగ్గినా, తుమ్మినా కూడా జారవచ్చు. సిగ్గుపడి పరుగు మానేసేవారు ఎందరో! ఇది తప్పూ కాదు, తప్పించుకోలేనిదీ కాదు. కటిభాగం అడుగున ఉండే కండరాలు కాన్పుల వల్ల సడలడమే కారణం. మూత్రాన్ని ఆపుకున్నట్టుగా ఆ కండరాలను బిగించి, అయిదారు సెకన్లు ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు చేయాలి. కుర్చీలో కూర్చునైనా చేయవచ్చు, ఎవరికీ తెలియదు. మూడు నెలలు విడవకుండా చేశాక నాకు చాలావరకు తగ్గింది. తగ్గనివారు స్త్రీల వైద్యురాలిని కలవాలి.

బరువు సంగతి చాలామందిని నిరాశపరుస్తుంది. అరవై కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తితే ఖర్చయ్యేది సుమారు 60 క్యాలరీలే. మూడు కిలోమీటర్లు ఉరికి వచ్చి రెండు పూరీలు తింటే అంతా తిరిగి వచ్చేసినట్టే! పైగా ఆకలి పెరుగుతుంది. అయితే తూకం కదలకపోయినా, పనిచేసే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. నిద్ర కూడా బాగా పడుతుంది.

మోకాళ్ళు అరిగిపోతాయని భయపెట్టేవారికి ఒక జవాబు. 2017లో పలు పరిశోధనలను కలిపి చూసినప్పుడు, సరదాకు పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, పరుగెత్తని, కదలిక తక్కువున్నవారిలో 10.2 శాతం మందికి కనిపించింది. ఇప్పటికే కీళ్ళ నొప్పులున్నవారు మాత్రం నడకతోనే సరిపెట్టుకోవడం మంచిది.

బూట్లు బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండేలా కొనండి, లేకుంటే గోరు నల్లబడుతుంది. తొడలు ఒరుసుకుని మండితే ముందుగా కొంచెం వాజెలిన్ రాయండి. కుక్క వెంటపడితే ఉరకకుండా నిలబడండి. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మే నెలలో మా వైపు ఎండ 44 డిగ్రీలు దాటుతుంది కనుక, సూర్యోదయానికి ముందే ముగించి ఉప్పు వేసిన మజ్జిగ తాగడం మేలు.

పరుగు సర్వరోగనివారిణి కాదు. పరుగు గురించి 1977లో పుస్తకం రాసి అమెరికా అంతటినీ ఉరికించిన జిమ్ ఫిక్స్, 1984లో 52వ ఏట పరుగెత్తుతూనే గుండె ఆగి మరణించాడు. ఆయన తండ్రి కూడా గుండెజబ్బుతో 43వ ఏటనే పోయాడు. కాబట్టి నలభై దాటినవారు, ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారు, బీపీ, షుగరు ఉన్నవారు, పొగతాగేవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. పరుగులో ఛాతీ బరువెక్కినా, నొప్పి చేతికి గాని దవడకు గాని పాకినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. తగ్గుతుందేమో చూద్దామని ఇంటి దగ్గర కూర్చోవద్దు.

ఎనిమిది నెలల తర్వాత నా పరీక్షలో 5.8 వచ్చింది. తిండిలో అన్నం తగ్గించడం కూడా అందుకు తోడ్పడింది. గడప దగ్గరి నుంచి అది ఇంకా పూర్తిగా పోలేదు కనుక, నా పరుగూ ఆగలేదు. మీ ఇంట్లోనూ ఎవరికైనా కాన్పులో షుగరు వచ్చి ఉంటే, ఏడాదికోసారి పరీక్ష మరచిపోకండి. పరుగో, నడకో ఏదో ఒకటి రేపే మొదలుపెట్టండి. మెల్లగానే సుమా!